అదోనీరాము జడ్సను దొరగారి కుటుంబ చరిత్రము



ప్రతి సంవత్సరము జూను మాసమున మన పాఠశాల తెరచు దినమున ఒక దృశ్యము కనబడును. చిన్న బాలుడొకడు రేకుపెట్టెయు చాపచుట్టయు ప్రక్కను పెట్టుకొని, బోర్డింగు వసారాలో నిలువబడి, గేటు దాటి పోవుచున్న తండ్రివంక చూచుచుండును. ఆ తండ్రి ఉపదేశకుడో, రైల్వే ఉద్యోగియో, కూలికై దూరదేశము పోవువాడో కావచ్చును. ఆ బాలునికి ఊరు మారినది, ఇల్లు మారినది, పక్కయు మారినది. ఆ రాత్రి వాడు చెప్పుకొను ప్రార్థన మాత్రము తల్లి నేర్పినదే. ఈ వ్యాసము వ్రాయుటకు కూర్చుండినప్పుడు నాకు మొదట జ్ఞాపకము వచ్చినవాడు ఆ బాలుడే. ఏలయనగా నేను చెప్పబోవు కుటుంబముయొక్క జీవితమంతయు అట్టి మార్పులతో నిండియున్నది.

అదోనీరాము జడ్సను దొరగారు పరిశుద్ధ గ్రంథమునంతటిని బర్మా భాషలోనికి భాషాంతరము చేసిన మహనీయుడని మీరు వినియుందురు. ఆయన అనుభవించిన చెరసాల శ్రమలుకూడ కొందరికి తెలిసియుండును. అయితే ఆయన బర్మా దేశములో ఒంటరిగా పనిచేసినవాడు కాడు. ఆయన వెంట ఒకరి తరువాత ఒకరుగా ముగ్గురు భార్యలు నడచిరి. ఆ సముద్రములమీదను ఆ ఊళ్లలోను పిల్లలు పుట్టిరి. కొందరు అక్కడనే సమాధి చేయబడిరి. నిలుకడ లేని ఆ జీవితములో వారు తమ విశ్వాసము నెట్లు కాపాడుకొనిరో చెప్పుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

బాల్యము, విద్య

జడ్సను 1788వ సంవత్సరము ఆగస్టు 9వ తేదీని అమెరికాలోని మసాచుసెట్సు రాష్ట్రమున మాల్డెను అను ఊరిలో జన్మించెను. తండ్రి కాంగ్రెగేషనలు సంఘ బోధకుడు. బాలునికి మూడేండ్లప్పుడు తండ్రి కొన్నాళ్లు పొరుగూరు వెళ్లగా, తల్లి ఆ కొలదికాలములోనే కుమారునికి చదువు నేర్పి, తండ్రి తిరిగి వచ్చినప్పుడు వానిచేత బైబిలులోని ఒక అధ్యాయము చదివించి ఆయనను ఆశ్చర్యపరచెను. ఈ బాలుడు గొప్ప పండితుడగునని తండ్రి నిశ్చయించుకొనెను.

ఆయన బ్రౌను విశ్వవిద్యాలయములో చదివి, 1807లో తన తరగతికంతటికి ప్రథముడుగా ఉత్తీర్ణుడయ్యెను. కాని అక్కడ ఈమ్సు అను ప్రతిభావంతుడైన స్నేహితుని ప్రభావముచేత తలిదండ్రుల విశ్వాసమును విడిచిపెట్టెను. ఆ సంగతి ఇంట చెప్పినప్పుడు తండ్రి వాదించెను, తల్లి కన్నీరు విడిచెను. తండ్రి వాదమునకు జవాబు చెప్పగలిగిన యువకుడు తల్లి కన్నీటికి జవాబు చెప్పలేకపోయెను. దేశసంచారము చేయుచు ఒక రాత్రి ఆయన ఒక సత్రములో బస చేసెను. ప్రక్కగదిలో మరణావస్థలోనున్న యొక యువకుని మూలుగులు రాత్రియంతయు వినబడెను. తెల్లవారి విచారింపగా ఆ యువకుడు మరణించెననియు, అతడు తన స్నేహితుడైన ఈమ్సే యనియు తెలిసెను. ఆయన గుఱ్ఱమును ఇంటివైపు త్రిప్పెను. 1808లో ఆండోవరులోని వేదాంత పాఠశాలలో చేరి, క్రమముగా తన జీవితమును దేవునికి సమర్పించుకొనెను.

వివాహము, సముద్ర ప్రయాణము

అన్యదేశములకు మిషనెరీలను పంపు సంఘమొకటి అమెరికాలో 1810లో ఏర్పడెను. దాని స్థాపనకు కారకులైన యువకులలో జడ్సను ఒకడు. ఆ దినములలోనే బ్రాడ్ఫర్డు గ్రామవాసినియు, తానుకూడ పాఠశాల ఉపాధ్యాయినియునైన ఆన్ హాసెల్టైను అను కన్యకను ఆయన వివాహమాడగోరెను. ఆమె తండ్రికి వ్రాసిన జాబులో ఆయన ఏమియు దాచలేదు. కుమార్తెను ఈ లోకములో మరల చూడలేకపోవచ్చుననియు, ఆమెకు ఎండదెబ్బయు, లేమియు, అవమానమును, బహుశః బలవన్మరణమును సంభవింపవచ్చుననియు స్పష్టముగా తెలిపెను. తండ్రి నిర్ణయమును కుమార్తెకే విడిచెను. ఆమె సమ్మతించెను.

1812 ఫిబ్రవరి 5న వివాహము, 6న సేలములో అభిషేకము, 19న ఓడ ప్రయాణము. ఇట్లు ఆ రెండు వారములలో వారి జీవితమంతయు మారిపోయెను. నాలుగు నెలలు సముద్రముమీద గడపి జూను 17న కలకత్తా చేరిరి. ఓడలోనే మరియొక మార్పు మొదలాయెను. శ్రీరామపురములోని కేరీ దొరగారు మొదలైన బాప్తిస్టు మిషనెరీలను కలిసికొనవలసి వచ్చునని జడ్సను బాప్తిస్మమును గూర్చి లేఖనములను పరిశీలింపసాగెను. వారికి జవాబు చెప్పుటకై చదువ నారంభించినవాడు వారి అభిప్రాయమే సరియని నమ్మవలసివచ్చెను. ఆన్ మొదట దీనికి ఒప్పుకొనలేదు, భర్తతో వాదించెను, తానును చదివెను, తుదకు ఆమెకును అదియే తోచెను. 1812 సెప్టెంబరు 6న వారిద్దరు కలకత్తాలో బాప్తిస్మము పొందిరి.

ఇది చిన్న సంగతి కాదు. తమ్మును పంపిన సంఘముతో వారి సంబంధము తెగిపోయెను, జీతము ఆగిపోయెను, ఇంటి వద్దనున్న స్నేహితులు నొచ్చుకొనిరి. చేతిలో ధనములేక, వెనుక ఆధారములేక, పరదేశములో క్రొత్త దంపతులు తమ మనస్సాక్షిని మాత్రము కాపాడుకొనిరి. వారివలెనే బాప్తిస్మము పొందిన రైసు దొరగారు అమెరికాకు తిరిగిపోయి బాప్తిస్టు సంఘములను మేలుకొల్పగా, 1814లో ఫిలడెల్ఫియాలో క్రొత్త మిషను సంఘము స్థాపింపబడెను. ఆ సంఘమే తరువాత 1835లో డే దొరగారిని తెలుగు దేశమునకు పంపెను. ఆయన 1840లో నెల్లూరులో స్థిరపడెను. కావున ఆ యోడలో ఒక భార్యయు భర్తయు చేసిన వాదముయొక్క ఫలము మన నెల్లూరు, ఒంగోలు ప్రాంతములవరకు వచ్చినదని చెప్పవచ్చును.

కంపెనీవారు అమెరికా మిషనెరీలను దేశములో నుండనీయలేదు. జడ్సను దంపతులు మారిషస్ ద్వీపమునకు పోయిరి. తమతో ఒకే ఓడలో వచ్చిన హారియెట్ న్యూవెల్ అను 19 సంవత్సరముల మిషనెరీ భార్య బిడ్డను పోగొట్టుకొని, తానును అక్కడ మరణించెనని దిగగానే తెలిసినది. అక్కడనుండి 1813 జూనులో చెన్నపట్టణము వచ్చిరి. మరల తరిమివేయబడుదుమను భయముచేత, రేవులో బయలుదేరుటకు సిద్ధముగానున్న ఓడ ఏదైనను ఎక్కవలసివచ్చెను. అది రంగూనుకు పోవునది. ఆ ప్రయాణములో ఆన్ దొరసానికి మొదటి బిడ్డ చనిపోయి పుట్టెను. జూలై 13న ఓడ రంగూను చేరినప్పుడు ఆమె లేచి నడువలేని స్థితిలో నుండెను. మన సముద్రతీర జిల్లాలవారు మన తాతల కాలమున రంగమని పిలుచుచు కూలికి పోయిన పట్టణము ఇదియే. మనవారు పోవుటకు ఎంతో పూర్వమే ఈ దంపతులు అక్కడ దిగిరి.

రంగూనులో మొదటి దినములు

వారు చేసిన మొదటి పని భాష నేర్చుకొనుట. సరియైన నిఘంటువు లేదు, వ్యాకరణము లేదు, బోధించు పండితునికి ఇంగ్లీషు రాదు. ఒక వస్తువును వ్రేలితో చూపినచో ఆయన పేరు చెప్పును, దానిని వ్రాసికొనవలెను. జడ్సను రోజుకు చాల గంటలు తాటాకు గ్రంథములముందు కూర్చుండెను. ఆన్ బజారుకు పోయి, పనివారితో మాటలాడి, ఇల్లు నడుపుచు భాష నేర్చెను. వాడుకమాటలలో ఆమెయే భర్తను మించినదని ఆయనే ఒప్పుకొనెను. ఆమె బర్మా భాషలో ప్రశ్నోత్తరావళి వ్రాసెను. రంగూనులోని సయాము జాతివారి నిమిత్తము వారి భాష నేర్చి మత్తయి సువార్తను అందులోనికి మార్చెను.

1815 సెప్టెంబరులో వారికి రోజర్ అను కుమారుడు పుట్టెను. తమ జాతివారెవరును లేని ఆ యింట ఆ శిశువే వారికి సంతోషము. ఎనిమిది నెలలు నిండకమునుపే జ్వరముచేత వాడు మరణించెను. వాని సమాధి తవ్విన తరువాత కూడ తాటాకు గ్రంథములు బల్లమీద అట్లే యుండెను. జడ్సను మరల వాటిముందు కూర్చుండెను.

ఆ కాలపు సంగతి ఒకటి మన తెలుగు విద్యార్థులు ప్రత్యేకముగా జ్ఞాపకముంచుకొనదగినది. 1817 డిసెంబరులో జడ్సను చిట్టగాంగుకు పోయి, బర్మా భాష తెలిసిన క్రైస్తవులనెవరినైన తీసికొనివచ్చుటకై ఓడ నెక్కెను. మూడు నెలలలో తిరిగి రావలెనని ఉద్దేశము. ఎదురుగాలులచేత ఓడ దారి తప్పెను. వారములు నెలలాయెను, ఆహారమును మంచినీరును కఱవాయెను, జ్వరముచేత ఆయన కృశించిపోయెను. తుదకు 1818 మార్చిలో ఆ యోడ చేరినది మన మచిలీపట్టణపు రేవు. అక్కడ దిగి, కొంత స్వస్థత పొంది, రంగూనుకు ఓడ దొరకునేమోయని భూమార్గమున సుమారు 300 మైళ్లు చెన్నపట్టణమునకు పోయెను. అక్కడను ఎండకాలమంతయు ఓడలేదు.

ఇక్కడ రంగూనులో ఆన్ దొరసాని ఆయన ఓడ చిట్టగాంగు చేరనేలేదని మాత్రము వినెను. పట్టణములో కలరా ప్రబలెను. ప్రేతభూమికి పోవు డప్పుల శబ్దము దినమెల్ల వినబడుచుండెను. యుద్ధము వచ్చునని వదంతి పుట్టెను. తోటి మిషనెరీలు బంగాళమునకు పోవ నిశ్చయించి ఆమెనుకూడ పిలిచిరి. ఆమె వారితో ఓడ ఎక్కెను. ఓడ నదిలో ఆలస్యము కాగా ఆమె మనస్సు నిలువలేదు. భర్త బ్రదికి తిరిగి వచ్చినచో ఖాళీ ఇల్లు చూడవలసివచ్చునే యని తలచి, సామాను దింపించుకొని, ఒంటరిగా మిషను ఇంటికి తిరిగి వచ్చి, యథాప్రకారము బర్మా పుస్తకము తెరచెను. కొలది వారములలో ఆయన వచ్చెను. ఆ దినమున ఆమె ఓడ దిగియుండనియెడల బర్మా మిషను అక్కడితో ముగిసియుండెడిదేమో!

1819లో వారు దారిప్రక్కను ఒక జయాతును, అనగా మన ఊరి చావడివంటి దానిని, కట్టించిరి. బాటసారులు వచ్చి కూర్చుండుటయు, జడ్సను వారితో సంభాషించుటయు ఆచారమాయెను. ఆ సంవత్సరము జూను 27న మాంగ్ నౌ అను కూలివాడు బాప్తిస్మము పొందెను. రంగూనులో అడుగుపెట్టిన ఆరు సంవత్సరములకు దొరికిన మొదటి ఫలము అది.

చెరసాల

ఆన్ దొరసాని ఆరోగ్యము చెడుటచేత 1821లో చికిత్సకై అమెరికాకు పోయి 1823 డిసెంబరులో తిరిగి వచ్చెను. రెండు సంవత్సరములకుపైగా ఎడబాసిన దంపతులు కలిసికొని, రాజధానియైన ఆవాకు నదిమీద పడవలో పోయిరి. అక్కడ చిన్న యిల్లు కట్టుకొనిరి. కొలది నెలలకే, 1824లో, ఇంగ్లీషువారికిని బర్మా రాజునకును యుద్ధము మొదలాయెను. తెల్లవారందరు వేగులవారని అనుమానించి, జూను 8న రాజభటులు జడ్సనును భోజన సమయమున పట్టుకొని త్రాళ్లతో కట్టి మరణపు చెరసాలలో వేసిరి. కాళ్లకు సంకెళ్లు; రాత్రివేళ ఆ కాళ్లమధ్య పొడవైన వెదురు దూర్చి పైకెత్తుదురు; భుజములు మాత్రమే నేలకు తగిలియుండును. ఇట్లు అనేక మాసములు గడచెను.

ఆన్ గర్భవతియై యుండెను. ఆమె ప్రతిదినము అధికారుల ఇండ్ల చుట్టు తిరిగెను; కానుకలిచ్చి, బ్రతిమాలి, భర్తకు అన్నము పంపుటకు సెలవు సంపాదించెను. ఒకమారు ఆయనకు స్వదేశపు పండుగ భోజనము జ్ఞాపకము చేయవలెనని, గేదెమాంసమును అరటిపండ్లును కలిపి తమ ఊరి పిండివంటవంటి దానిని చేసి పంపెను. ఆమె ప్రేమతో చేసిన ఆ వంటకమును చూచినంతనే ఆయనకు కన్నీరు ఆగలేదు. తినలేక ప్రక్కనున్న ఖైదీకి ఇచ్చివేసెను. ఇనుప సంకెళ్లను ఓర్చుకొనిన మనుష్యుడు ఇంటి రుచికి ఓర్చుకొనలేకపోయెను.

బర్మా భాషలోనికి మార్చిన క్రొత్త నిబంధన వ్రాతప్రతిని ఆమె మొదట నేలలో పాతిపెట్టెను. వానలకు చెడిపోవునని భయపడి, తీసి, ఒక గట్టి దిండులో పెట్టి కుట్టి భర్తకు పంపెను. దొంగయు ఆశపడనంత కఠినమైన దిండు అది. 1825 జనవరి 26న మరియా అను ఆడశిశువు పుట్టెను. కొన్నాళ్లకు తల్లి ఆ పసికందును ఎత్తుకొని చెరసాల తలుపువద్దకు పోయి తండ్రికి చూపెను.

ఆ మే మాసమున ఖైదీలను ఎండలో చెప్పులులేక నడిపించి ఆంగ్‌బిన్‌లే అను గ్రామమునకు తరలించిరి. ఆ గలిబిలిలో కావలివారు దిండు తొడుగు లాగికొని లోపలి దూదిచుట్టను పారవేసిరి. మాంగ్ ఇంగ్ అను బర్మా క్రైస్తవుడు యజమానుని జ్ఞాపకార్థముగా దానిని తీసి దాచుకొనెను. నెలల తరువాత విప్పిచూడగా వ్రాతప్రతి చెడక యుండెను. ఆన్ మూడు నెలల శిశువుతోను, తాను పెంచుచున్న ఇద్దరు బర్మా బాలికలతోను ఆ గ్రామమునకు పోయెను. అక్కడ మశూచికము వచ్చెను. ఆమెకు రోగము ముదిరి పాలు ఎండిపోయెను. అప్పుడు జడ్సను కావలివారికి లంచమిచ్చి, సంకెళ్ల కాళ్లతోనే బిడ్డను ఎత్తుకొని గ్రామములో ఇంటింటికి పోయి, చంటిబిడ్డల తల్లులను పాలిమ్మని వేడుకొనెను. బర్మా తల్లులు ఆ పరదేశి బిడ్డకు పాలిచ్చిరి. ఇచ్చుటకు వచ్చినవారు తామే పుచ్చుకొనవలసివచ్చిన దినమది.

మూడు సమాధులు

సుమారు 17 మాసములు ఖైదులోనుండిన తరువాత, సంధి మాటలకు దుబాసీగా పనికివచ్చునని 1825 నవంబరులో ఆయనను విడిచిరి. 1826 ఫిబ్రవరిలో సంధి జరిగెను. కుటుంబము ఆంహర్స్టు అను క్రొత్త పట్టణమునకు పోయి ఇక నెమ్మదియుండునని తలచిరి. అయితే ఇంగ్లీషువారి రాయబారికి దుబాసీగా జడ్సను మరల ఆవాకు పోవలసివచ్చెను. ఆయన లేని సమయమున, 1826 అక్టోబరు 24న, ఆన్ జ్వరముచేత మరణించెను. ఆమె వయస్సు 36 సంవత్సరములు. నల్ల ముద్రగల ఉత్తరము చేతికి వచ్చినప్పుడు ఆయన, బలహీనురాలైన పసిబిడ్డయే పోయినదనుకొనెను. విప్పి చదివినప్పుడుగాని నిజము తెలియలేదు. ఆ బిడ్డయు ఆరు నెలలకు, 1827 ఏప్రిలు 24న, తల్లి ప్రక్కను పండుకొనెను. స్వదేశములో తండ్రి మరణించెనను వార్తయు పిమ్మట వచ్చెను.

ఇంతవరకు జడ్సను విశ్వాసము కదలలేదని మీరు అనుకొందురు. ఇక్కడ సత్యము చెప్పవలెను. ఆయన కదలెను. భార్య మరణించిన రెండవ సంవత్సరమున మౌల్మీను దగ్గర అడవిలో ఒక గుడిసె వేసికొని ఒంటరిగా వసించెను. విశ్వవిద్యాలయమువారిచ్చిన బిరుదును వదలుకొనెను. ఒక సమాధి త్రవ్వి, దాని యొడ్డున కూర్చుండి మరణమును ధ్యానించెను. దేవుడున్నాడని నమ్మినను ఆయన సన్నిధి తనకు దొరకుటలేదని స్వజనులకు వ్రాసెను. ఆయన గర్వమే తన్ను ఈ సేవకు తెచ్చినదేమోయని శంకించుకొనెను. ఈ సంగతి దాచిపెట్టి వ్రాసిన చరిత్రములు కొన్ని కలవు. దాచనక్కరలేదని నా అభిప్రాయము. బలవంతుడు ఎన్నడు చీకటిలో పడడని నేర్పినయెడల, రేపు మీకు చీకటి వచ్చినప్పుడు మీరు దేవునివారు కారని తలంతురు.

ఆయన ఎట్లు బయటికి వచ్చెను? ఒక్క దినమున వచ్చిన వెలుగు కాదు. తోటి మిషనెరీలు ఆయనను విడువలేదు. బర్మా క్రైస్తవులు వచ్చి ఉపదేశము అడుగుచుండిరి. కొండజాతియగు కరేనులలో కో థా బ్యూ అను మాజీ బందిపోటు మారుమనస్సు పొంది సువార్తికుడాయెను. స్వదేశములోని తమ్ముడు విశ్వాసముతో మరణించెనను వార్త ఆయనను ఆదరించెను. అన్నింటికంటె ముఖ్యముగా, దినదినము కొన్ని వచనములు భాషాంతరము చేయు పనిని ఆయన ఆ చీకటి దినములలోకూడ పూర్తిగా విడువలేదు. మనస్సు ప్రార్థింపలేనప్పుడు చేయి వ్రాయుచునే యుండెను. 1834 జనవరి 31న పరిశుద్ధ గ్రంథ భాషాంతరము ముగిసెను. ఆయన కడపటి పత్రము చేతబట్టి మోకాళ్లూనెను.

శారా

ఆ ఏప్రిలులో ఆయన శారా బోర్డుమన్ను వివాహమాడెను. ఆమె భర్త 1831లో కరేనుల అడవి గ్రామములలో సేవచేయుచు మరణించెను. అప్పుడు అందరు ఆమె స్వదేశము పోవునని తలచిరి. ఆమె పోలేదు. చిన్న కుమారుని వెంటబెట్టుకొని మూడు సంవత్సరములు పాఠశాలలు నడిపెను. కొండలెక్కి, వాగులు దాటి కరేను గ్రామములకు పోయెను. బన్యను రచించిన యాత్రికుని ప్రయాణమును బర్మా భాషలోనికి మార్చెను. మౌల్మీనులో ఆ ఇంట ఎనమండుగురు పిల్లలు పుట్టిరి. ముగ్గురు శైశవమునందే పోయిరి. జడ్సను గంభీరుడైన పండితుడైనను, ఇంట పిల్లలతో ఆడుకొను తండ్రి.

1845లో శారా ఆరోగ్యము పూర్తిగా చెడెను. సముద్ర ప్రయాణమే మందని వైద్యులు చెప్పిరి. పెద్దపిల్లలు ముగ్గురిని వెంట తీసికొని, చిన్నవారు ముగ్గురిని మౌల్మీనులో తోటి మిషనెరీల యిండ్ల విడిచి బయలుదేరిరి. అందరిలో చిన్నవాడు కొన్ని నెలల శిశువు. మారిషస్ చేరునప్పటికి ఆమెకు కొంత బాగుపడెను. అప్పుడు ఆ దంపతులు చేసిన ఆలోచన వినుడు: ఆయన పనికి తిరిగిపోవలెను, ఆమె పిల్లలతో ఒంటరిగా అమెరికాకు పోవలెను. ఆ వియోగమును గూర్చి ఆమె పద్యములుకూడ వ్రాసెను. కాని రోగము తిరుగబెట్టుటచేత ఆయన ఆమెను విడువలేదు. 1845 సెప్టెంబరు 1న సెంటు హెలీనా ద్వీపపు రేవులో ఓడ నిలిచియుండగా ఆమె మరణించెను. ఆ దినమే ఆమెను ఆ ద్వీపములో పాతిపెట్టిరి. ఆ సాయంకాలమే ఓడ సాగిపోయెను. తండ్రియు ముగ్గురు పిల్లలును ఆ ద్వీపము కనుమరుగగువరకు చూచుచుండిరి. మౌల్మీనులో విడిచివచ్చిన చార్లెసు అను చిన్నవాడు తల్లికంటె కొన్ని వారములకు ముందే మరణించెనని తరువాత ఉత్తరములవలన తెలిసినది.

ఎమిలీ, అంత్యదినములు

ముప్పది మూడు సంవత్సరముల తరువాత జడ్సను స్వదేశములో అడుగు పెట్టెను. గొంతు వ్యాధిచేత బిగ్గరగా మాటలాడలేక సభలలో మెల్లగా చెప్పగా, ప్రక్కనున్నవారు జనులకు వినిపించిరి. శారా చరిత్రమును వ్రాయింపగోరి ఎమిలీ చబ్బక్ అను రచయిత్రిని కలిసికొనెను. 1846 జూనులో వారు వివాహమాడిరి. ఇద్దరి వయస్సుకు సుమారు 29 సంవత్సరముల భేదముండుటవలన లోకులు నానావిధములుగా పలికిరి. జూలైలో ఓడ ఎక్కునప్పుడు పెద్దపిల్లలు ముగ్గురిని చదువుకై అమెరికాలో ఉంచిరి. ఆ పిల్లలు తండ్రిని మరల చూడలేదు.

ఈ చోట నా కలము నిలుచును. దేవుని సేవకై తలిదండ్రులు పిల్లలను విడుచుట న్యాయమా యని తలిదండ్రులు కొందరు నన్ను అడిగిరి. సులభమైన జవాబు నాయొద్ద లేదు. ఆ కాలమున ఉష్ణదేశములో పసిపిల్లలు బ్రదుకుట అరుదు, చదువుకు వసతులు లేవు, పంపుటయు ప్రేమవలననే. అయినను మూల్యము చెల్లించినవారు ఆ పిల్లలే. వారిని ఎవరును సెలవడుగలేదు. మిషనెరీల త్యాగమును పొగడునప్పుడు ఆ పిల్లల పేరును ఆ లెక్కలో చేర్చుట మన ధర్మము.

1846 నవంబరు 30న మౌల్మీను చేరినప్పుడు అక్కడ మిగిలియున్న ఇద్దరు చిన్న కుమారులకు ఎమిలీ తల్లి యాయెను. రంగూనులో కొన్ని మాసములు గబ్బిలములతో నిండిన మేడలో కాపురముండిరి. రాత్రియైనచో గబ్బిలముల సందడికి నిద్ర పట్టెడిది కాదు. మౌల్మీనులో భద్రపరచిన సామానులు అగ్నిచేత కాలిపోయెనని వార్త వచ్చెను. ఎమిలీ ఆ గబ్బిలములను గూర్చి హాస్యముగా ఉత్తరములు వ్రాసెను; శారా చరిత్రమునుకూడ ముగించెను. తనకు ముందున్న భార్య చరిత్రమును ప్రేమతో వ్రాయుట ఎంతటి విశాల హృదయము! జడ్సను నిఘంటువుపని కొనసాగించెను. ఇంగ్లీషు బర్మా నిఘంటువు 1849లో వెలువడెను. రెండవ భాగమును ఆయన మరణానంతరము మరియొకరు ముగించిరి.

1849 చివర రాత్రివేళ రోగియైన బిడ్డకు పరిచర్య చేయునప్పుడు తగిలిన జలుబు ఆయనకు ప్రాణాంతకమైన వ్యాధిగా మారెను. సముద్రపు గాలికై 1850 ఏప్రిలులో ఓడ ఎక్కించిరి. ప్రసవదినములు సమీపించుటచేత ఎమిలీ వెంట పోలేకపోయెను. ఏప్రిలు 12న ఆయన మరణించెను. ఆ సాయంకాలమే సముద్రములో పాతిపెట్టిరి. పది దినములకు ఎమిలీకి చనిపోయిన శిశువు పుట్టెను. భర్త మరణవార్త ఆమెకు చేరుటకు నాలుగు నెలలు పట్టెను. అంతవరకు ఆమె ప్రతిదినము ఓడలవైపు చూచుచుండెను.

ఆమె 1851లో పిల్లలతో అమెరికాకు చేరి, 1854లో మరణించెను. పిల్లలలో ఒకడు వైద్యుడాయెను, మరియొకడు బోధకుడాయెను. శిశువుగా మౌల్మీనులో విడువబడిన ఎడ్వర్డు న్యూయార్కులో సంఘకాపరియై, 1883లో తండ్రి చరిత్రమును ప్రేమతో ప్రకటించెను. జడ్సను బైబిలు నేటికిని బర్మా క్రైస్తవుల చేతులలో నున్నది.

ముగింపు

ప్రియ బాలబాలికలారా, ఈ కుటుంబమునకు మారనిదేది? ఇల్లు మారెను, సంఘము మారెను, ప్రభుత్వము మారెను, బల్లచుట్టు కూర్చున్న ముఖములు సహితము మారెను. ప్రతి చోటను వారి వెంట పోయినవి రెండే: దేవుని వాక్యము, ఆ దినమునకు చేయవలసిన పని. దిండులో కుట్టబడినది ఆ వాక్యమే. అడవి గుడిసెలో చేతిని కదిలించినది ఆ పనియే.

మరియొక సంగతి గమనింపుడు. ఆ విశ్వాస దీపమును ఒక్కడే ముప్పది యేడు సంవత్సరములు పట్టుకొనలేదు. భర్త చెరలోనున్నప్పుడు ఆన్ పట్టుకొనెను. వ్రాతప్రతిని మాంగ్ ఇంగ్ కాపాడెను. పేరు తెలియని బర్మా తల్లులు బిడ్డకు పాలిచ్చిరి. ఆయన మనస్సు చీకటియైనప్పుడు స్నేహితులు పట్టుకొనిరి. తరువాత శారాయు ఎమిలీయు పట్టుకొనిరి. ఒకరి చేయి అలసినప్పుడు మరియొకరి చేయి అందుకొనెను.

కావున వచ్చే జూనులో వసారాలో రేకుపెట్టె ప్రక్కను ఒంటరిగా నిలిచిన చిన్నవానిని చూచినప్పుడు, పై తరగతి విద్యార్థులారా, వానిని దాటిపోకుడు. వాని పెట్టె ఒక కొస మీరు పట్టుకొనుడు. రాత్రి ప్రార్థనవేళ వానికి మీ చాపమీద చోటిండు. జడ్సను దొరగారి చరిత్రమును చదివినవారు చేయదగిన మొదటి పని అదియే.